పసుపు పాదాల దారి

సాముయేలు తన జీవితంలో చివరి ఫోన్ కాల్ దిగుడు బావి గట్టు మీద నిలబడి మేనకోడలికి చేశాడు.

"బిడ్డా, మన దారిల ఒక అడుగు ఉల్టా ఉన్నది. నిన్న సీదానే ఉండె. ఎవరో కావాలని మార్చిండ్రు. అది యాడంటే..."

వెనక నుంచి రెండు చేతులు బలంగా తోశాయి. ముందు ఫోన్ పడింది, దాని వెనకే ఆయన.

మొయినాబాద్ నుంచి చేవెళ్ల వైపు ఈమధ్యే వేసిన హెరిటేజ్ ట్రైల్ అది. పాత దిగుడు బావి, కూలిపోయిన సరాయి, సమాధుల తోటలో నిజాం కాలపు ఫౌజీ ఆఫీసరు సమాధి, ఇలాంటివన్నీ కలుపుతూ రాళ్ళ మీద పసుపు రంగుతో పాదాల గుర్తులు వేశారు. సిటీ జనం ఆదివారాలు కార్లు దిగి ఆ పాదాల వెంట నడుస్తారు, సమాధుల మీద కాలు పెట్టి మరీ సెల్ఫీలు దిగుతారు. సాముయేలు ఆ ట్రైల్‌కి గైడు. మిలిటరీలో హవల్దారుగా రిటైరైనవాడు.

స్థానిక ఇన్‌స్పెక్టర్ పంచనామాలో ఒక్క ముక్క రాసి చేతులు దులుపుకున్నాడు. మద్యం మత్తులో కాలు జారి పడ్డాడట! పెళ్ళిళ్ళలో కూడా కల్లు ముంత పక్కకు జరిపే మనిషి గురించి రాసిన రాత అది.

గుడ్ ఫ్రైడే రోజు మట్టి వేశారు. ఆయన భార్య కరుణమ్మ ఏడ్చింది. మేనకోడలు ప్రేమజ్యోతి ఏడవలేదు. పళ్ళు బిగపట్టి నిలబడింది. హైదరాబాద్‌లో ఏదో బ్యాంకులో పనిచేస్తుందని ఊరంతా నమ్మే ఆ ప్రేమజ్యోతి, సీక్రెట్ సర్వీస్ ఏజెంట్.

శనివారం పొద్దున మొయినాబాద్ శివారులో ఒక ఫామ్‌హౌస్ గేటు ముందు క్యాటరింగ్ ఆటో ఆగింది. బగారన్నం డేక్సా పట్టుకుని దిగిన మనిషిని వాచ్‌మన్ ఆపాడు.

"సీతాఫలాలు తెచ్చినవా?"

"ఎండకాలంల యాడ దొరుకుతయన్నా?"

కోడ్ సరిపోయింది. గేటు తెరుచుకుంది. ప్రేమజ్యోతి డేక్సా వంటింట్లో పెట్టి, లోపలి గదిలోకి వెళ్ళింది.

చీఫ్ శశిధర్ గోడ మీద మ్యాప్ ముందు నిలబడి ఉన్నాడు. పక్కన సోఫాలో ఒకామె. సిల్క్ షర్టు, పొట్టి జుట్టు, గది నిండా పరిమళం.

"జెన్నీ," పరిచయం చేశాడు చీఫ్. "మన రక్షణ రహస్యాలు అమ్మే విదేశీ ముఠాలో ట్రైల్ డిజైనర్. నిజానికి మన మనిషి. డబుల్ ఏజెంట్."

"నమస్తే అక్కా," అంది జెన్నీ తీయగా. "మీ మావయ్యగారి గురించి విన్నాను. ప్రార్థన చేశానండీ. మా నాన్నగారు పాస్టరు."

చీఫ్ మ్యాప్ మీద వేలు పెట్టాడు. "తూర్పు తీరంలో ఒక రేవు పట్నం. లైట్‌హౌస్ నుంచి పాత కస్టమ్స్ హౌస్ దాకా ఇలాంటి ట్రైలే వేశారు. టూరిజం అని అందరూ మురిసిపోయారు. ఏడాది తిరిగేసరికి నేవీ డ్రాయింగులు దేశం దాటాయి. పాదం ఏ రాయి మీద ఉల్టా తిరిగి ఉంటే, అక్కడ డ్రాప్. కొనేవాడు టూరిస్టులాగా నడుచుకుంటూ వచ్చి తీసుకుపోతాడు. ఇప్పుడు అదే ఆట ఇక్కడ. సరుకు ఒక మైక్రోచిప్. అందులో మన కొత్త రాడార్ కోడ్ ఉంది."

"రేపు తెల్లవారుజామున, బావి దగ్గర," అంది జెన్నీ. "టీమ్ మొత్తాన్ని అక్కడే పెట్టండి. సరాయికి ఒకరు చాలు. సమాధుల తోటకి అసలు ఎవరూ అక్కర్లేదు. ఆదివారం తెల్లారకముందు అక్కడెవరుంటారండీ?"

ప్రేమజ్యోతి తల ఎత్తి ఆమెను చూసింది. జెన్నీ వెళ్ళిపోయాక తలుపు మూసింది.

"సార్, రేపు ఈస్టర్. తెల్లవారుజామున ఊళ్ళో క్రైస్తవులంతా సమాధుల తోటలోనే ఉంటారు. పాస్టర్ కూతురికి ఆ సంగతి తెలియకపోవడం ఏంటి?"

"నువ్వు బాధలో ఉన్నావు జ్యోతీ."

"బాధ కాదు సార్, కోపం."

"రెండూ డ్యూటీకి పనికిరావు. రేపు నువ్వు బావి దగ్గర. దిస్ ఈజ్ యాన్ ఆర్డర్."

సాయంత్రం సమాధుల తోటలో సున్నం వాసన. ఏటా ఈస్టర్ ముందు రోజు ఊరివాళ్ళు గడ్డి పీకి సమాధులన్నిటికీ సున్నం వేస్తారు. కరుణమ్మ కూడా కుంచె పట్టుకుంది.

"ఇంట్ల కూసుంటే పానం ఆగుతలేదు బిడ్డా. తాగి సచ్చిండని రాసిండ్రు మీ మామను. గా మాట నా చెవుల్ల నుంచి పోతలేదు."

"ఆ మాట నేను తీసేయిస్త అత్తమ్మా."

కరుణమ్మ ఫౌజీ ఆఫీసరు సమాధి వైపు నడిచింది. "ఈ దొరకు ఎవ్వరు లేరు. మనమే ఎయ్యాలె."

ప్రేమజ్యోతి అప్పుడు చూసింది. ఆ సమాధి రాయి మీద పసుపు పాదం. మిగతా పాదాలన్నీ దారి వెంట ముందుకు నడుస్తుంటే, ఇదొక్కటి వేళ్ళు వచ్చిన దారివైపు పెట్టి వెనక్కి తిరిగి ఉంది. మామ చెప్పబోయిన చోటు ఇది! రాయి చుట్టూ, పగుళ్ళలో తడిమి చూసింది. ఏమీ లేదు. సరుకు ఇంకా రాలేదన్నమాట. గుర్తు కనబడకపోతే, తెచ్చేవాళ్ళు చచ్చినట్టు దగ్గరుండి అందజేయాలి.

"వెయ్ అత్తమ్మా," అంది. "ఆ పాదం మీద రెండు పూతలు వెయ్."

ఆదివారం ఇంకా చీకటి వీడలేదు. సమాధుల తోటంతా కొవ్వొత్తుల వెలుగు. మైకులో పాస్టర్ యోసేపు ప్రార్థన మొదలుపెట్టాడు. తెల్లచీర కొంగు తలనిండా కప్పుకుని ప్రేమజ్యోతి ఆడవాళ్ళ మధ్య కూర్చుంది. చెవిలోని ఇయర్‌పీస్‌లో చీఫ్ అరుస్తున్నాడు. "బావి దగ్గర ఎందుకు లేవు? రిపోర్ట్!" దాన్ని పీకి చెంగులో ముడేసింది.

గేటులో జెన్నీ కనిపించింది. ఆమె కూడా తెల్లచీరే, చేతిలో పూలు, ఒక లావుపాటి కొవ్వొత్తి. గుర్తు సున్నం కింద మాయమైందని, ఊరంతా ఇక్కడ చేరుతుందని తెలిసి రాత్రికి రాత్రి ప్లాన్ మార్చినట్టుంది. తిన్నగా సాముయేలు మట్టి సమాధి దగ్గరికి వచ్చింది. పూలు పెట్టింది. కొవ్వొత్తి గుచ్చింది. వెలిగించలేదు.

ప్రేమజ్యోతికి అర్థమైంది. తోట నిండా వెలిగే కొవ్వొత్తుల్లో వెలగనిది ఒక్కటే. అదే కొత్త గుర్తు. చిప్ దాని లోపల ఉంది. మెడలో కెమెరా, ట్రైల్ బ్యాడ్జ్ వేసుకున్న ఒక విదేశీయుడు సమాధులను ఫోటోలు తీసుకుంటూ అటే వస్తున్నాడు.

చంపిన మనిషి సమాధినే దుకాణం చేసుకుంది! ప్రేమజ్యోతికి లేచి జెన్నీ మెడ పట్టుకోవాలనిపించింది. కానీ కొనేవాడి చెయ్యి కొవ్వొత్తి మీద పడేదాకా ఆగాలి.

వాడు వంగాడు. చెయ్యి చాపాడు.

"జర ఆగు నాయనా," అంటూ కరుణమ్మ వచ్చింది. "మా ఆయన కాడ దీపం ముట్టియ్యకుంట పెట్టిండ్రు." పండగ పూట సమాధి మీద వత్తి వెలగకుండా ఉంటే ఆ ఊళ్ళో ఎవరూ చూస్తూ ఊరుకోరు. తన కొవ్వొత్తి వంచి దాన్ని అంటించింది.

మైనం కరగడం మొదలైంది. జెన్నీ ఒక్క ఉరుకున వచ్చి రెండు వేళ్ళతో ఆ మంటను నలిపేసింది.

ప్రార్థన ఆగిపోయింది. ఒక్క పిల్ల కూడా కదల్లేదు.

"మా ఆయన దీపం ఆర్పుతవా?" కరుణమ్మ ఒక అడుగు ముందుకేసింది.

"తప్పుకో ముసలిదానా! నీ మొగుడూ ఇలాగే అడ్డొచ్చి బావిలో పడ్డాడు!"

ఆ మాటకు కరుణమ్మ చెయ్యి లేచింది. చెంప దెబ్బ మైకులో కూడా వినబడింది. జెన్నీ చీర మడతలోంచి పిస్టల్ తీసేలోపు ప్రేమజ్యోతి ఆమె మణికట్టు విరిచి నేలకేసి అదిమింది. విదేశీయుడు కొవ్వొత్తి లాక్కుని గేటు వైపు పరిగెత్తాడు గానీ, సమాధి మీది దీపం ఎత్తుకుపోయేవాణ్ణి ఊరు పోనివ్వలేదు. పదిమంది మీదపడ్డారు. విరిగిన కొవ్వొత్తిలోంచి గోరంత చిప్ మట్టిలో పడింది.

జెన్నీని ఊరి ఆడవాళ్ళకు అప్పగించేసరికి నడుము దగ్గర దోపిన ఫోన్ మోగింది. చీఫ్.

"చిప్ దొరికింది సార్. ఇద్దరూ దొరికారు. మా మామను చంపింది జెన్నీ."

"గుడ్ వర్క్. కానీ ఇది టాప్ సీక్రెట్. ముఠాలో మిగతావాళ్ళు అలర్ట్ అవుతారు. ఇన్‌స్పెక్టర్ రాసిన కేసు అలాగే ఉంటుంది. తాగి పడిపోయాడు, అంతే."

ప్రేమజ్యోతి కరుణమ్మను చూసింది. ఫోన్ స్పీకర్ ఆన్ చేసి, యోసేపు చేతిలోని మైకు తీసుకుని దగ్గర పెట్టింది.

"సార్, మీ గొంతు ఊరంతా వింటోంది. ఒక్క మాట చెప్పండి. సాముయేలు తాగి పడ్డాడా?"

చెట్టుకు కట్టిన లౌడ్‌స్పీకర్‌లో చీఫ్ గుటక మింగిన చప్పుడు వచ్చింది. తర్వాత మెల్లగా ఒక మాట.

"లేదు. దేశం కోసం చనిపోయాడు."

కరుణమ్మ మట్టిలో కూలబడి అప్పుడు మనసారా ఏడ్చింది.

పై వారం ప్రేమజ్యోతికి మెమో వచ్చింది, ఆపరేషన్‌ను అవసరానికి మించిన వాల్యూమ్‌లో ముగించినందుకు.