కాకులు గుర్తుపట్టిన మనిషి

తెల్లారేసరికి బుజ్జమ్మ వంట ముగించింది. నాటుకోడి కూర, గారెలు, కొడుకు శివనాగరాజుకి ప్రాణమైన గోంగూర పచ్చడి. లారీ ప్రమాదంలో వాడు పోయి ఏడాది. ఈరోజు సంవత్సరీకం. విస్తట్లో వడ్డించి డాబా మీద పెడితే కాకి ముట్టాలి. ముడితే పోయినవాడు తృప్తిపడినట్టు. కన్నతల్లికి అంతకన్నా ఏం కావాలి?

చిక్కంతా మొగుడితోనే వచ్చింది. ఊరి పక్కన ఒకప్పటి మిలిటరీ విమానాల మైదానాన్ని చిన్న ఎయిర్‌పోర్టు చేశాక, తిరుపతయ్యకి అక్కడ పిట్టల్ని తోలే ఉద్యోగం దొరికింది. జొన్నచేలో ఒడిసెల తిప్పిన చెయ్యి ఇప్పుడు రన్‌వే పక్కన టపాకాయలు పేలుస్తోంది. కాకులు మహా గడుసువి, మొహాలు గుర్తుపెట్టుకుంటాయి. పెద్దకర్మ నాడు ఆయన్ని చూసి ఒక్క కాకీ గోడ దిగలేదు. చివరికి విస్తరి ఆవుకి పెట్టారు. ఆ దిగులు బుజ్జమ్మని ఇన్నాళ్ళూ తింటూనే ఉంది.

"డ్యూటీ అయినాక ఇంటికి రామాక," అంది.

చెప్పులు తొడుక్కుంటున్న తిరుపతయ్య ఆగిపోయాడు. "ఏందే?"

"నువ్వుంటే కాకి వాలదు. అది ముట్టిందాకా యాడన్నా కూర్చో."

"నా కొడుకు సంవత్సరీకానికి నేనుండకూడదా?"

"పెద్దకర్మకి ఉన్నావుగా, ఏమైంది? ఆ ఉద్యోగం మానెయ్యమని అప్పుడే మొత్తుకున్నా."

"ఇంజన్లో పిట్ట పడి విమానం కూలితే? అందులో ఉండేది ఎవరి బిడ్డలే?"

"అందరి బిడ్డలూ చల్లగుండాల. నా బిడ్డ మాత్రం ఆకలితో తిరగాల!"

అనేశాక నాలిక కరుచుకుంది. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం. తిరుపతయ్య రెండో చెప్పు తొడుక్కుని వెళ్ళిపోయాడు.

టపాకాయలు పేలాయి. విమానం దిగింది, మళ్ళీ ఎగిరింది. బుజ్జమ్మ విస్తరి డాబా మీద పెట్టి, మెట్ల చాటున ఒక్కతే కూర్చుంది. కూర మీద ఈగలు ముసిరాయి తప్ప కాకి జాడ లేదు.

విసుగుపుట్టి పిట్టగోడ మీంచి కిందికి చూసింది. రోడ్డవతల, ఎయిర్‌పోర్టు కంచె పక్కన, మండే ఎండలో తిరుపతయ్య రాతి మీద కూర్చుని ఉన్నాడు. పిలవని పేరంటానికి వచ్చినవాడిలా ఇంటి వైపే చూస్తూ తువ్వాలుతో కళ్ళు తుడుచుకుంటున్నాడు. కొడుకు పోయాక ఆయన కంట నీరు తను ఒక్కనాడూ చూడలేదు. మనసు రాయి చేసుకున్నాడనుకుంది. ఒకే ఇంట్లో ఉంటూ ఎవరి ఏడుపు వాళ్ళే ఏడ్చారన్నమాట.

బుజ్జమ్మ గబగబా దిగివెళ్ళి ఆయన చెయ్యి పట్టుకుంది. "లెయ్యి. కాకి వస్తే వస్తది, లేకపోతే లేదు. నిన్ను ఎండలో కూర్చోబెట్టి వాడు మాత్రం ఎట్టా తింటాడయ్యా!"

ఇద్దరూ డాబా ఎక్కి విస్తరి దగ్గర కూర్చున్నారు. "ఒరేయ్ శివా," అన్నాడు తిరుపతయ్య. తువ్వాలులో మొహం దాచుకున్నాడు. బుజ్జమ్మ ఆయన వీపు నిమురుతూ కూర్చుంది.

చాలాసేపటికి ఒక కాకి పిట్టగోడ మీద వాలింది. అలవాటుకొద్దీ తిరుపతయ్య చప్పట్లకి చేతులెత్తాడు. బుజ్జమ్మ ఆ రెండు చేతుల్నీ పట్టుకుని తన గుండెకి అదిమేసుకుంది. కాకి ఆయన మొహం వంక తేరిపార చూసింది. ఒక్క గెంతు గెంతి, గారె ముక్క నోట కరుచుకుంది.

"తింటన్నాడే," అన్నాడు తిరుపతయ్య, చిన్నపిల్లాడిలా ఏడుస్తూ.

"కదలమాక," అంది బుజ్జమ్మ. "తిననీ."