అలసట లేని చేతులు

ఆ రోజు అది నా తొమ్మిదో ఇల్లు. మోకాళ్ళు రెండూ అప్పటికే నా మాట వినడం మానేశాయి. అవాటిమే కొండల మీద వానాకాలపు నెలల్లో మధ్యాహ్నం మూడు దాటిందంటే మంచు పొగలా దిగుతుంది. మోటారు సైకిలతను చర్చి దగ్గర దింపేసి, "పైకి బండి ఎక్కదమ్మా, నడవాల్సిందే" అని వెళ్ళిపోయాడు. సంచీ భుజాన వేసుకుని నడిచాను.

మంచాన పడ్డ ముసలివాళ్ళ ఇళ్ళకి మా సంస్థ రోజూ ఒక సహాయకురాలిని పంపుతుంది. ఆమె వాళ్ళని సరిగా చూసుకుంటోందో లేదో తేల్చడం నా పని. ఇరవై రెండు ప్రశ్నలు అడగాలి, ఒక్కోదానికి అయిదుకి మార్కులు వేయాలి. ముప్పై ఏళ్ళు నర్సుగా చేశాను. ప్రశ్నలు అడక్కముందే గుమ్మంలో వాసన చూసి మార్కులు చెప్పేయగలను. మూత్రం, మురిగిన గుడ్డ, పుండు. ఎవరినీ తిట్టబుద్ధి కాదు. చూసేవాళ్ళూ అలిసిపోయి ఉంటారు, చూడటానికి వెళ్ళిన నేనూ అలిసిపోయి ఉంటాను.

అకోసివా అవ్వ ఇంట్లో ఆ వాసన లేదు. సబ్బు వాసన వేసింది. దాని వెనకాల, చాలాకాలం నీళ్ళలో ఉన్న రాయి వాసన.

అవ్వ మంచం మీద వెల్లకిలా పడుకుని ఉంది. రెండేళ్ళ కిందట పక్షవాతం వచ్చి ఎడమ పక్కంతా పడిపోయింది. నోరు మాత్రం బాగానే ఉంది.

"ఎవరే నువ్వు? ఆ పీట మీద కూర్చోకు. నీ బరువుకి రెండు ముక్కలవుతుంది."

"నా పేరు అక్పెనే, అవ్వా. నిన్ను బాగా చూసుకుంటున్నారో లేదో చూడటానికి వచ్చాను."

"నన్ను చూడటానికి ఒకరు, ఆ చూసేవాళ్ళని చూడటానికి ఇంకొకరా? మరి నిన్నెవరు చూస్తారే?"

నవ్వొచ్చింది. పీట గోడకి ఆనించి దాని మీదే కూర్చున్నాను.

దుప్పటి మీద ఒక్క ముడత లేదు. అవ్వని పక్కకి తిప్పి వీపు చూశాను. ఒక్క పుండు లేదు. గోళ్ళు తీసి ఉన్నాయి. తెల్లజుట్టు పాయలు పాయలుగా అల్లి ఉంది. ఇన్నేళ్ళలో ఎవరికీ అన్ని మార్కులూ వేయలేదు. ఈ ఇంటికి వేయాల్సి వచ్చేలా ఉంది. వెనక్కి పడుకోబెడుతూ అవ్వ చెయ్యి పట్టుకున్నాను.

వేళ్ళ చివర్లు తెల్లగా, ముడతలు పడి, ఉబ్బి ఉన్నాయి. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా వాగులో బట్టలుతికిన చేతుల్లాగా. పాదాలూ అంతే. చర్మం తడిసిన కాగితంలా పల్చబడి, నా బొటనవేలు ఆనిన చోట ముద్ర దిగింది.

"రోజుకి ఎన్నిసార్లు స్నానం చేయిస్తారు అవ్వా?"

"లెక్కలేదు."

"అమ్మాయి వేళకి వస్తుందా?"

"పోతే కదా రావడానికి."

"మర్యాదగా మాట్లాడుతుందా?"

"మాట్లాడదు." అవ్వ గొంతు తగ్గించింది. "పక్కింటివాళ్ళు గుమ్మంలో పెట్టిన కెంకె, ఆ పులిసిన మొక్కజొన్న పిండి ముద్దలు, తెచ్చి తినిపిస్తుంది. తుడుస్తుంది. జుట్టు విప్పుతుంది, అల్లుతుంది. మళ్ళీ తుడుస్తుంది. చేతులు చల్లగా ఉంటాయి."

"ఫిర్యాదులేమైనా ఉన్నాయా?"

అవ్వ తలుపు వైపు చూసింది. తరువాత నన్ను. ఆ కళ్ళు ఎన్నో రోజులుగా మూతపడని కళ్ళు.

"కాస్త నిద్రపోనివ్వమని చెప్పవే..."

రాసుకోబోతుంటే బయట అడుగుల చప్పుడు. గుమ్మంలో పాతికేళ్ళ అమ్మాయి. చెమట, ఎగశ్వాస. యాయ్రా. ఈ ఇంటికి మా సంస్థ వేసిన సహాయకురాలు. లోపలికి రాలేదు. చేత్తో నన్ను బయటికి పిలిచింది.

"మోటారు సైకిలతను చెప్పాడు మేడమ్, మీరు పైకి వెళ్ళారని..." నా వెనక తలుపు వైపు చూసింది. "అవ్వ... బతికే ఉందా?"

"అదేం ప్రశ్న?"

అక్కడే నేల మీద కూలబడింది. అయిదు వారాలైందట, తను ఈ గడప తొక్కి. మొదటిరోజు జ్వరం. రెండోరోజు లేవలేకపోయింది. మూడోరోజు భయం.

"పదకొండు ఇళ్ళు మేడమ్. ఉన్నవి రెండు కాళ్ళు. ఈ ఇల్లు అన్నిటికంటే పైన. రేపు వెళ్దాం, రేపు వెళ్దాం అనుకున్నాను. వారం దాటాక... వెళ్తే ఏం కనిపిస్తుందో అని వెళ్ళలేదు. ఇంట్లో కూర్చుని హాజరు సంతకాలు పెట్టాను. కొట్టండి, తిట్టండి, నాకేం మిగల్లేదు."

నాకు కోపం రాలేదు. అలాంటి మూడోరోజు నా బతుకులోనూ ఒకటి ఉంది.

"మరి అవ్వని చూసేది ఎవరు?"

"ఆమెకి ఎవరూ లేరు మేడమ్."

అప్పుడే లోపల గుడ్డ పిండిన చప్పుడు. నీళ్ళు గిన్నెలో పడ్డాయి. ధారగా, ఆ తరువాత చుక్కలు చుక్కలుగా.

మేమిద్దరం గుమ్మం దగ్గరికి వెళ్ళాం. మంచు లోపలికీ వచ్చేసింది. ఉన్న ఒక్క కిటికీ బూడిదరంగులో ఉంది. గదిలో అవ్వ తప్ప ఎవరూ లేరు.

అవ్వ ఎడమ చెయ్యి గాల్లోకి లేచి ఉంది.

పడిపోయిన చెయ్యి. రెండేళ్ళుగా కదలని చెయ్యి. మోచేయి దగ్గర మెత్తగా వంగి, ఎవరో మణికట్టు పట్టుకుని చంక తుడుస్తున్నట్టు... అలాగే నిలిచి ఉంది. చర్మం మీద తడి మెరుస్తూ కిందికి పాకింది. కాసేపు ఆగింది. మళ్ళీ పైనుంచి మొదలైంది.

"వచ్చింది," అంది అవ్వ. గొంతులో భయం లేదు. అలసట ఒక్కటే.

ముప్పై ఏళ్ళలో ఎన్నో చావులు చూశాను. ఇది చావు కాదు. ఇది సేవ. మానకుండా, ఆగకుండా, ఎదుటి మనిషి అరిగిపోయేదాకా.

యాయ్రా లోపలికి నడిచింది. నేను పట్టుకోబోయాను, చెయ్యి విడిపించుకుంది. మంచం దగ్గర ఆగి, ఎదురుగా ఉన్న ఖాళీ చోటుకి చెప్పింది.

"అక్కా... ఇది నా పని. నేను రాలేదు, తప్పు నాదే. ఇప్పుడు వచ్చాను. ఇక వదిలెయ్."

ఏమీ జరగలేదు. నీటిచుక్క ఒకటి పడింది.

యాయ్రా చెయ్యి చాచి అవ్వ మణికట్టు పట్టుకుంది. పట్టుకోగానే ఒళ్ళంతా జలదరించింది ఆమెకి, చూశాను. వదల్లేదు. చాలాసేపు ఆ చెయ్యి అటూ ఇటూ కాకుండా నిలిచింది. తరువాత నెమ్మదిగా బరువెక్కి, యాయ్రా అరచేతిలోకి దిగింది.

అవ్వ కళ్ళు మూసుకుంది. మరుక్షణం గురక.

"ఇక్కడ ఉంచొద్దు," అన్నాను. "కింద ఊళ్ళో ఆరోగ్య కేంద్రం ఉంది. మోయగలవా?"

"మోస్తాను."

పసిపిల్లల్ని కట్టుకున్నట్టు అవ్వని పొడుగాటి గుడ్డతో వీపుకి కట్టుకుంది. ఇల్లు దాటేటప్పుడు నేను కాగితాలు తీయలేదు, మార్కులు వేయలేదు. ఆ పని చేసినవాళ్ళ పేరు రాయడానికి గడి లేదు.

కింది దారి అరగంట నడక. చీకటి ఇంకా పూర్తిగా పడలేదు కానీ మంచులో నాలుగడుగుల అవతల ఏమీ కనిపించడం లేదు. నేను ముందు నడుస్తూ, అవ్వ గుమ్మం పక్కన దొరికిన కర్రతో రాళ్ళు తడిమి చూస్తూ దారి చూపిస్తున్నాను. వెనక యాయ్రా ఎగశ్వాస వినిపిస్తోంది. మొదటి మలుపు దాకా ఆమె రెండుసార్లు ఆగింది. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, "ఒక్క నిమిషం మేడమ్" అంది. నాకూ కావాల్సింది అదే. ఇద్దరం నిలబడ్డాం. అవ్వ గురక ఆగలేదు.

రెండో మలుపు దగ్గర ఆమె ఆగలేదు. మూడో మలుపు దగ్గరా ఆగలేదు. ఎగశ్వాస వినిపించడం మానేసింది. అడుగులు తేలిగ్గా, వరసగా పడుతున్నాయి.

"మేడమ్," అంది వెనక నుంచి, మెల్లగా, అవ్వ లేస్తుందేమోనని. "మీరు వెనకాల ఎత్తి పట్టుకున్నాక అసలు బరువే తెలియడం లేదు. మీ మోకాళ్ళు బాగాలేవు కదా... ఎందుకండీ మీకు శ్రమ?"

నేను ఆమెకి ఆరడుగులు ముందున్నాను.

జవాబివ్వలేదు. ఇస్తే నా గొంతు ఎటు నుంచి వస్తోందో ఆమెకి తెలిసిపోతుంది. కర్రతో ఇంకో రాయి తడిమి, అడుగు ముందుకి వేశాను.