ఆయువుమాని

ఆ కాలంలో జనం వంతెన ఎక్కే ముందు దాని ఆయువు చూసుకునేవారు. బస్సు ఇరుసుకీ, లిఫ్టు తాడుకీ, ఆఖరికి వంటింట్లో ప్రెషర్ కుక్కర్‌కీ పక్కన ఓ చిన్న తెర ఉండేది. ఆ లోహం ఇంకా ఎన్ని రోజులు మన్నుతుందో అందులో అంకె కనబడేది. ఆ తెర వెనకున్న పరికరం పేరు ఆయువుమాని. దాన్ని కనిపెట్టింది లోహశాస్త్రవేత్త వకుళ.

లోహం దేన్నీ మర్చిపోదు. వంగిన ప్రతిసారీ, వేడెక్కి చల్లారిన ప్రతిసారీ దాని స్ఫటికాల మధ్య కంటికానని పగుళ్ళు పుడతాయి. ఆయువుమాని లోహంలోకి అల్ట్రాసౌండ్ తరంగాలు పంపి, వాటి ప్రతిధ్వనిని బట్టి ఆ పగుళ్ళను కొలిచేది.

పాపికొండల మధ్య గోదావరి మీద రోప్‌వే వేసేటప్పుడు ఇంజినీరు ఇస్మాయిల్ ఆమెను అడిగాడు.

"మేడం, ఎప్పుడు తెగుతుందో తెలీదన్న భయంతో ఇన్నాళ్ళూ కావలసినదానికి అయిదింతలు బలమైన తాడు వేసేవాళ్ళం. ఇక ఆ భయం అక్కర్లేదంటారా?"

"అక్కర్లేదు ఇస్మాయిల్ గారూ. నా యంత్రం చెప్పిన రోజు దాకా తెగదు," అంది వకుళ గర్వంగా.

తాడు సన్నబడింది.

కొన్నాళ్ళు నడిచాక, తెర మీద 'ఒక రోజు' అని ఉండగా, మర్నాడు తాడు మార్చవచ్చులే అని చివరి ట్రిప్పు వేశారు. ఉన్నట్టుండి గాలివాన లేచింది. ఆ ఒక్క రోజు ఆయువూ ఆ ఊపుకి నిమిషాల్లో కరిగిపోయింది. తెర మీద సున్నా పడేసరికి కేబిన్ నది మధ్యలో ఉంది. లోపలున్నవాళ్ళలో ఇస్మాయిల్ ఒకడు. ఎవరూ బతకలేదు.

"యంత్రం సరిగ్గానే చెప్పింది, మీ తప్పేం లేదు," అన్నారు విచారణ చేసినవాళ్ళు. పరామర్శకు వెళ్తే ఇస్మాయిల్ భార్య నూర్జహాన్ ఒక్క ముక్క కూడా తిట్టలేదు. "ఆయనకి మీ మాటంటే గురి," అంది, అంతే. వకుళకి ముద్ద దిగడం మానేసింది.

చివరికి ఎవరికీ చెప్పకుండా సాఫ్ట్‌వేర్‌లో చిన్న మార్పు చేసింది. లోకంలోని ఆయువుమానులన్నీ లోహం మొత్తం ఆయువులో సగం గడిచేసరికే సున్నా చూపించసాగాయి. పోయిన భయాన్ని మనుషులకి తిరిగి ఇచ్చానని కొంచెం తెరిపిన పడింది.

కొన్నేళ్ళకి మళ్ళీ ఆ రోప్‌వే దగ్గరికి వెళ్ళింది. తెర మీద సున్నా ఉంది. జనం మాత్రం నవ్వుకుంటూ ఎక్కుతున్నారు.

"సున్నా ఉందిగా బాబూ!" అంది ఆపరేటర్ సత్తిరాజుతో.

"అదెప్పుడూ అంతేనండి. పోయిన ఎండాకాలం నుంచీ సున్నాయే. సున్నా పడ్డాక కూడా బోలెడు రోజులు తిప్పుతామండి, అన్ని ఊళ్ళలోనూ ఇంతే. ఉత్తినే బెదిరిస్తాదండి ఇది."

నిజమైన సున్నా ఎప్పుడో ఇక ఎవరికీ తెలియదు! వకుళ గబగబా వెళ్ళి కేబిన్ తలుపుకి అడ్డంగా నిలబడింది.

"ఎవరూ వెళ్ళొద్దు! దిగండి!"

"మీకేం తెలుసండి?" అన్నాడు సత్తిరాజు విసుగ్గా.

"దానికి అబద్ధం నేర్పింది నేనే," అంది వకుళ. ఇస్మాయిల్ సంగతీ, తను చేసిన మార్పూ అన్నీ చెప్పేసింది.

కేబిన్ లోపల వెదురుబుట్టలు ఒళ్ళో పెట్టుకున్న ముసలామె తల పైకెత్తింది.

"అయితే అసలు లెక్కెంత తల్లీ?"

వకుళ ఆ మార్పు చెయ్యని తన చేతి పరికరాన్ని తాడుకి ఆనించి చూసింది. తొమ్మిది. ఇవాళే తెగుతుందని చెబితేనో! కానీ ఇప్పుడే కదా అబద్ధమాడానని ఒప్పుకుంది. ఆ మాట ఎవరు నమ్ముతారు?

"తొమ్మిది రోజులు," అంది నెమ్మదిగా.

అందరి మొహాలూ విప్పారాయి.

"ఇంకేమండి మరి! ఎనిమిదో రోజున మార్పించేద్దాం," అన్నాడు సత్తిరాజు. ఎవరో ఆమె భుజం పట్టుకుని మర్యాదగానే పక్కకి జరిపారు.

ఒక్కరూ దిగలేదు. కొండల మీద మబ్బు కమ్ముకుంటోంది. తలుపు మూసుకునేలోపు వకుళ కూడా ఎక్కి, ముసలామె పక్కన కూర్చుంది. ఒడ్డున నిలబడి చూడటం ఆమె వల్ల కాలేదు.