లలితకుమారి ప్రార్థనాంశం

పరుగు!

గజేందర్ వెనక్కి చూడడు. చూస్తే కాళ్లు ఆగిపోతాయని భయం.

వెనక బైక్... దాని వెనక నల్ల స్కార్పియో.

దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు ఇంత ఖాళీగా ఉండటం అతనెప్పుడూ చూడలేదు. సకల జనుల సమ్మె. బస్సులు డిపోల్లో పడుకున్నాయి. షట్టర్లన్నీ దించేశారు. చీకటి పడగానే కరెంటు కూడా పోయింది. మామూలు రోజైతే ఈ రోడ్డు మీద ఏనుగైనా తప్పిపోతుంది. ఇవాళ చీమకు కూడా దాక్కునే చోటు లేదు!

ఎల్బీనగర్ పోలీస్ స్టేషన్ చేరాలి. అంతే.

చేరితే జైలు. చేరకపోతే చావు.

ఏడాది కిందట బంద్ రోజున ఉపేంద్ర ఫర్నిచర్ గోడౌన్‌కు నిప్పు పెట్టింది గజేందరే. పెట్టించింది ఉపేంద్ర. ఇన్సూరెన్స్ కోసం! నింద ఉద్యమం మీదకు పోయింది. లోపల కాలిపోయింది వాచ్‌మన్ పోచయ్య. జైల్లో కూర్చుంది యాదగిరి అనే స్టూడెంట్. ఆ రోజు ఊరేగింపులో అటుగా వెళ్లడమే వాడు చేసిన నేరం.

ఈ మధ్యే గజేందర్ బాప్తిస్మం తీసుకున్నాడు. నీళ్లలోంచి లేచాడు గానీ చెవుల్లోని చప్పుడు మాత్రం పోలేదు.

పోయిన ఆదివారం చర్చిలో ఒక ప్రార్థనాంశం ఇచ్చాడు.

"ఒక మంట సంగతి పోలీసులకు చెప్పాలె. ధైర్యం కోసం ప్రార్థన చేయుండ్రి."

అదే కొంప ముంచింది!

ఆ చర్చిలో ప్రార్థనాంశం ఒక్కచోట ఆగదు. ఒక అక్క ఇంకో అక్కకు ఫోన్ చేస్తుంది. ఆమె మరొకరికి. ఎవరింట్లో వాళ్లు మోకాళ్లూనుతారు. ఆ వరసలో లలితకుమారి ఉంది. ఉపేంద్ర భార్య!

పాపం ఆమెకేం తెలుసు? అన్నం వడ్డిస్తూ భర్తతో అంది.

"గజేందర్ అని కొత్తబ్బాయండీ. ఏదో మంట గురించి పోలీసులకి చెప్పాలనుకుంటున్నాడట."

ఉపేంద్ర చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

కొత్తపేట.

బైక్ సర్రున ముందుకొచ్చి అడ్డంగా ఆగింది. చంటి! ఉపేంద్ర మనిషి. నడుముకు నాటు తుపాకీ.

గజేందర్ పక్క సందులోకి దూకాడు. సరూర్‌నగర్ వైపు సందు అది. మలుపు... మురికి కాలువ... ఇంకో మలుపు.

అప్పుడు వినిపించింది. ఒక్కసారిగా అరవై గొంతులు. ఏడుపులు, స్తోత్రాలు, హల్లెలూయలు!

అతని చర్చే. రేకుల షెడ్డు. ఇవాళ ఉపవాస ప్రార్థన.

లోపలికి దూరిపోయాడు.

స్కార్పియో సందు మొదట్లో ఆగింది. ఉపేంద్ర దిగాడు.

"చంటీ, నువ్వు వెనక కిటికీ దగ్గర ఉండు."

"లోపలంతా చీకటి సార్. వాడెవడో ఎలా తెలుస్తుంది?"

"నేను వాడి పక్కనే కూర్చుంటాను. నల్ల చొక్కా నేను. నా కుడిపక్కన తెల్లబట్టలు వాడివి. నేను లేచి నిలబడగానే కాల్చెయ్."

"అంతమందిలోనా?"

"అందరూ కళ్లు మూసుకుని అరుస్తుంటారు. పక్క అపార్ట్‌మెంట్ జనరేటర్ హోరు ఒకటి. వాళ్లు తేరుకునేలోపు మనం ఎల్బీనగర్ దాటేస్తాం."

లోపల చాపలు. ఒకవైపు మగవాళ్లు, ఒకవైపు ఆడవాళ్లు. ముందు ఒకే ఒక్క కొవ్వొత్తి. అందరివీ తెల్లబట్టలే. చివరి వరసలో గజేందర్ రొప్పుతున్నాడు.

పక్కన ఎవరో కూర్చున్నారు.

సెంటు వాసన...

"తమ్ముడూ..." చెవి దగ్గర ఉపేంద్ర గొంతు. "దేవుడు నిన్ను క్షమించాడుగా?"

గజేందర్ తల తిప్పకుండానే అన్నాడు.

"క్షమించిండన్నా."

"మరింకేంట్రా నీ బాధ?"

"నన్ను క్షమించిండు. యాదగిరి ఇంక జైల్లనే ఉన్నడు."

ఉపేంద్ర నవ్వాడు. నేల మీద అరచెయ్యి ఆనించాడు. లేవబోయాడు...

"సాక్ష్యం ఉన్నవాళ్లు ముందుకు రండి!"

పాస్టర్ సాంబమూర్తి పిలుపు. ప్రార్థన టక్కున ఆగింది.

గజేందర్ లేచాడు! ఉపేంద్ర కంటే ముందు!

చాపలు దాటుకుంటూ ముందుకు వెళ్లిపోయాడు. కొవ్వొత్తి దగ్గరి తెల్లటి గుంపులో కలిసిపోయాడు. ఉపేంద్ర కుడిపక్క ఖాళీ. ఇప్పుడు లేస్తే లాభం లేదు.

ఎవరు వెళ్తున్నారా అని ఆడవాళ్లు తలలు తిప్పారు. లలితకుమారి కూడా తిప్పింది.

నల్ల చొక్కా కనిపించింది.

పెళ్లయిన నాటి నుంచి ఆమెది ఒకే ప్రార్థనాంశం. మా ఆయన ఒక్కసారి చర్చి గడప తొక్కాలి. అంతే. ఇవాళ తొక్కాడు!

ఆడా మగా పట్టింపులన్నీ మరిచిపోయింది. తెల్లచీర చెంగు తల నిండా కప్పుకుని గబగబా వచ్చి అతని కుడిపక్కన కూర్చుంది.

"వచ్చారా అండీ!" ఏడుస్తోంది. సంతోషంతో.

ఉపేంద్ర కళ్లు ముందు గుంపులో గజేందర్ కోసం వెతుకుతున్నాయి.

ముందు నుంచి గజేందర్ గొంతు.

"పోచయ్యను సంపింది నేను."

వంగిన తలలన్నీ పైకి లేచాయి.

"లోపల మనిషి ఉన్నడని నాకు మొదట తెల్వదు. మంటలు లేసినంక షట్టర్ లోపట్నుంచి కొట్టిండు. ఇన్న. తాళంచెవి నా జేబులనే ఉండె. ఉరికిన."

ముందు వరసలో ఒకామె లేచింది. పోచయ్య భార్య స్వరూపరాణి!

చెంప ఛెళ్లుమంది.

గజేందర్ కదల్లేదు. ఆమె అతని కాలర్ పట్టుకునే ఏడ్చింది. చాలాసేపు ఏడ్చింది.

"దేవుడు నిన్ను మాఫ్ చేసిండేమో... నాకు జర టైం పడ్తది," అంది చివరికి. "ఫస్టు స్టేషన్‌కు నడువ్. ఆ పోరగాణ్ని ఇడిపియ్యాలె. నేను గూడ ఒస్త."

"నీ చేత చేయించిందెవరు బాబూ?" సాంబమూర్తి అడిగాడు.

"నా పాపం నేను చెప్పిన అయ్యగారూ. ఆయన్ని గూడ చెప్పుకోనియ్యుండ్రి. స్టేషన్‌కు పోయేదాంక ఆగుత."

లలితకుమారి ఉపేంద్ర మోచెయ్యి పట్టుకుంది.

"మంట..." అతని వైపు తిరిగింది. "మీకు నేనే కదా చెప్పాను. అందుకేనా మీరొచ్చింది?"

అతను తల దించుకున్నాడు. ఆమె చెయ్యి మాత్రం వదల్లేదు.

"లేవండి. చెప్పేయండి. జైలుకైనా క్యారియర్ నేనే తెస్తాను. లేవండి!"

ఉపేంద్ర ఆమె ముఖంలోకి చూశాడు. పోచయ్య శవాన్ని చూసినప్పుడు కూడా రాని ఆలోచన వచ్చింది. దేవుడు తనను కూడా క్షమిస్తాడా? ఇంత చేశాక కూడానా? జీవితంలో మొదటిసారి ఆ ప్రశ్న వేసుకున్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

భార్య చెయ్యి పట్టుకున్నాడు.

లేచి నిలబడ్డాడు.

"అయ్యగారూ! చేయించింది నే..."

అప్పుడు గుర్తొచ్చింది.

వెనక కిటికీ... నల్ల చొక్కా... కుడిపక్కన తెల్లబట్టలు!

"చంటీ! వద్దు!"

ఢాం!

అద్దం పగిలింది. షెడ్డంతా కేకలు. సరిగ్గా అప్పుడే కరెంటు వచ్చింది.

తెల్లచీర మెల్లగా అతని కాళ్ల మీదకు ఒరిగింది. ఉపేంద్ర ఇంకా నిలబడే ఉన్నాడు.