అత్త అరిచిన అరుపు

జ్ఞానమ్మ చాయ్ తెచ్చి పీట మీద పెట్టేదాకా అల్లుడు వీరస్వామి గోడవైపు తిరిగి పళ్లు తోముతూనే ఉన్నాడు. ఆమె లోపలికి వెళ్లాకే గ్లాసు అందుకున్నాడు. పదకొండేళ్లుగా ఆ ఇంట్లో ఇదే వరస. అత్త వండింది తింటాడు, అత్తకు మందులు తెస్తాడు, ముఖం మాత్రం చూడడు.

ఆ పొద్దున జ్ఞానమ్మ చీరలు మూటగట్టుకుని వాకిట్లోకి వచ్చింది.

"బిడ్డా శారమ్మా, కందకుర్తి చెల్లె కాడికి పోతున్న. మళ్ల రాను."

"గదేందవ్వా! నిన్నెవలేమన్నరు?"

"అంటేనే తెలుస్తదా? నా మొఖం సూస్తె నీ పెనిమిటికి బువ్వ దిగుతలేదు."

శారమ్మ మొగుడి మీద విరుచుకుపడింది. "ఒక్కపాలన్న మా అవ్వ దిక్కు సూడు! ఉండుమని నోరు తెరిసి చెప్పు!"

వీరస్వామి తలెత్తబోయాడు. చేతకాలేదు. "ఎట్ల సూడాలె? ఆమె మొఖంల నాకు జయరాజే కనబడతడు. నీళ్లిడిసినోన్ని నేనే గద!" అంటూ కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

జ్ఞానమ్మ నిలబడి విన్నది. "నన్ను సూస్తె గంత బాధైతే నేను పోవుడే మంచిది" అని వెళ్లిపోయింది.

వీరస్వామి నిజాంసాగర్ కాలువ మీద లస్కరు. బోధన్ చెరుకు తోటలకు వంతు ప్రకారం షట్టర్ ఎత్తి నీళ్లు వదలడం అతని పని. పదకొండేళ్ల కిందట ఆ రోజూ వేళకే ఎత్తాడు. దిగువన కాలువలో బామ్మర్ది జయరాజ్ ఎద్దులను కడుగుతున్నాడని తెలియదు. ఆ నీళ్లలో జయరాజ్ కొట్టుకుపోయాడు. అప్పటినుంచి అతనికి ఒకటే దృశ్యం. గట్టు మీద అత్త తనవైపు ఉరికొస్తూ నోరంతా తెరిచి అరుస్తోంది. కొడుకును మింగినోడా అని తిడుతున్నట్టే ఉంటుంది అతనికి. పాపం, ఏం తిట్టిందో మాత్రం ఎన్నడూ గుర్తురాలేదు.

శారమ్మ ఊరుకోలేదు. నిజామాబాద్‌లో శనివారం శనివారం వచ్చే మానసిక వైద్యురాలి దగ్గరికి అతన్ని లాక్కెళ్లింది. ఆమె రెండు వేళ్లు అతని కళ్లముందు అటూ ఇటూ కదిలించింది.

"గీ వేళ్లు సూస్తె దుఃఖం పోతదా డాక్టరమ్మా?" అన్నాడు వీరస్వామి నమ్మకం లేకుండా.

"జరిగింది పోదు. కానీ అది ఇప్పుడే జరుగుతున్నట్టు ఉండడం తగ్గుతుంది. ఆ రోజును తలచుకుంటూ నా వేళ్ల వెంట చూడండి. కనబడింది చెప్పండి. భయమైతే చెయ్యెత్తండి, ఆపేస్తాను."

మొదటి వారాల్లో చెయ్యెత్తడమే సరిపోయింది. చొక్కా చెమటకు తడిసిపోయేది. ఐదో శనివారం మాత్రం ఎత్తలేదు. కళ్లు వేళ్ల వెంట తిరుగుతుంటే, ఎప్పుడూ అరుపు దగ్గరే ఆగిపోయే ఆ రోజు మెల్లగా ముందుకు నడిచింది. తాను కాలువలోకి దూకబోతున్నాడు. వెనక నుంచి ఎవరో అంగీ పట్టి గుంజారు. గుండీలు తెగాయి.

అటునుంచి అటే కందకుర్తి బస్సెక్కాడు.

జ్ఞానమ్మ చెల్లెలింటి అరుగు మీద పల్లీలు ఒలుస్తోంది. అతను ఆమె ముందు నేలమీద కూర్చున్నాడు, తల వంచుకునే.

"అత్తా, గా దినం నేను దుంకబోతె అంగి వట్టి గుంజింది నువ్వేనా?"

"నేను గాక ఎవలు? నీకు యాది లేదా?"

"నువ్వు అరిసిందొక్కటే యాదికుండె. నన్ను తిట్టినవనుకున్న."

పల్లీలు ఒడిలోంచి జారిపోయాయి. "తిట్టుడేంది కొడుకా? నా జయరాజు పాయె, నువ్వు గూడ పోతున్నవని అరిసిన. ఆగు బిడ్డా, నువ్వన్న ఉండు అని అరిసిన."

వీరస్వామి తలెత్తాడు. అత్త జుట్టంతా నెరిసింది. ముందు పన్ను ఒకటి ఊడింది, ఎప్పుడు ఊడిందో అతనికి తెలియదు. కళ్లనిండా నీళ్లతో అలా చూస్తూనే ఉన్నాడు.

జ్ఞానమ్మ సిగ్గుపడి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "ముసలిదాన్నైతి, గంతగనం ఏం సూస్తవురా?"

"సూడనియ్యత్తా," అన్నాడు ఆమె కొంగు మెల్లగా తీస్తూ. "నన్ను బతికిచ్చిన మొఖం గిది."