సింహం తల, తడి తివాచీ

ఫ్రేనీ దారూవాలా మెట్లెక్కి వచ్చేసరికి డిటెక్టివ్ పదం లింబూ టీ గిన్నె పొయ్యి మీద పెడుతున్నాడు. ఆమె తలుపు కొట్టలేదు. తిన్నగా వచ్చి కుర్చీలో కూలబడింది. చేతిసంచీ ఒళ్లో పెట్టుకుని ఊపిరి అందేదాకా ఆగింది.

ఆమె పార్సీ. వయసు యాభై దాటింది. హాంకాంగ్‌లో, జోర్డన్ పేటలో ఆమెను ఎరగనివాళ్లు తక్కువ. పక్క వీధిలోని 'పతంగ్' యువకేంద్రం ఆమెదే. నేపాలీ, పాకిస్తానీ, పంజాబీ పిల్లలు బడి అయ్యాక అక్కడికి చేరతారు. చైనీస్ రాక వెనకబడినవాళ్లకు అక్కడ చదువు చెబుతారు. పెద్దవాళ్లను ఉద్యోగాలకు తయారు చేస్తారు. సాయంత్రాలు ఏదో ఒక ఆట నేర్పుతారు.

"సింహం పోయింది లింబూ గారూ," అంది.

కిటికీ దగ్గర పేపరు చదువుతున్న ఆ-కూన్ తలెత్తాడు. అతను లింబూకి సహాయకుడు. అంతకుముందు మినీబస్సు నడిపేవాడు. ఆ బస్సును ఎవరో ఎత్తుకుపోతే లింబూ ఒక్క పూటలో పట్టుకొచ్చాడు. ఆ రోజు నుంచి ఆ-కూన్ దృష్టిలో లింబూకి తెలియని సంగతి ఈ నగరంలో లేదు.

ఫ్రేనీ చెప్పింది ఇదీ. ఆ మధ్యాహ్నమే వీధి పండగ. కేంద్రం పిల్లలు సింహనాట్యం ఆడాలి. ఆ వీధి దుకాణదారులు ఈ పిల్లలను పిలవడం ఇదే మొదటిసారి. సింహం తలను రాత్రి బీరువాలో పెట్టారు. పొద్దున చూస్తే బీరువా ఖాళీ. బీరువాకి తాళం లేదు, గది తాళం పగల్లేదు. కేంద్రం కార్యదర్శి గిద్వానీ గారు ఇది వకాస్ పని అంటున్నారు.

సింహం వేషం ఇద్దరు కలిసి ఆడతారు; అందులో ముందుండి సింహం తల పట్టుకునేవాడు వకాస్. పద్దెనిమిదేళ్లు. నిన్న సాయంత్రం గిద్వానీ గారు ఆటగాళ్లందరికీ కొత్త బూట్లు పంచారు. వకాస్ లోపలి చీటీ చదివి బూట్లు తిరిగి ఇచ్చేశాడు. లోపల అస్తరు పందితోలు, నాకు గుడ్డవి ఇప్పించండి అన్నాడు. అందరూ ఒకటే తొడుక్కోవాలి, లేదంటే ఆడొద్దు అన్నారు గిద్వానీ. మాటా మాటా పెరిగింది.

"అప్పుడేమన్నాడు?" అని అడిగాడు లింబూ.

"అయితే నేను ఆడను, నేను లేకుండా మీ సింహం ఎలా ఆడుతుందో చూస్తా అన్నాడు. అందరూ విన్నారు." ఫ్రేనీ గొంతు తగ్గించింది. "నెలాఖరున వాడు అంబులెన్సు శిక్షణలో చేరాలి. రెండుసార్లు తప్పి మూడోసారి నెగ్గాడు. పోలీసుల దగ్గర వాడి పేరు పడిందంటే ఆ సీటు ఇంక లేనట్టే. గిద్వానీ పన్నెండింటి దాకా ఆగుతానన్నాడు. ఆ తర్వాత స్టేషనుకు వెళతాడట."

లింబూ పొయ్యి ఆర్పాడు.

"పదండి," అన్నాడు.

కేంద్రం ఒక పాత భవనంలో మొదటి అంతస్తు. కింద ఫుంగ్ సిఫూ కొట్టు. పనితనం తెలిసిన పెద్ద మేస్త్రిని అక్కడ సిఫూ అంటారు. చనిపోయినవాళ్ల కోసం తగలబెట్టే కాగితపు ఇళ్లూ కార్లూ చేస్తాడు. పండగలకు సింహాల తలలూ చేస్తాడు. ఈ పోయిన తలను చేసిందీ ఆయనే. కొట్టు షట్టరు దించి ఉంది.

"పండగ పూట కొట్టు కట్టేసుకున్నాడేంటి ముసలాయన? బేరాలు వద్దా?" అన్నాడు ఆ-కూన్.

లింబూ షట్టరు దగ్గర ఒక్క క్షణం నిలబడ్డాడు. లోపల రేడియోలో పాత నాటకం పాట గట్టిగా మోగుతోంది. ఆ తర్వాత మెట్లెక్కాడు.

గుమ్మంలో అడుగు పెడుతూనే ఆ-కూన్ నిండు నీళ్ల క్యానుకు కాలు కొట్టుకున్నాడు. బొటనవేలు పట్టుకుని ఒంటికాలి మీద గెంతాడు.

"దీన్ని ఇక్కడ పెట్టిందెవరండీ?"

"నీళ్లవాడు. మేం వచ్చేసరికే లోపల పెట్టేసి పోతాడు," అంది ఫ్రేనీ.

లింబూ క్యాను వైపు చూశాడు. తలుపు వైపు చూశాడు. తర్వాత బీరువా దగ్గరికి వెళ్లాడు.

అక్కడ అస్మితా రాయ్ అనే నేపాలీ పిల్ల నిలబడి ఉంది. సింహానికి వెనక భాగం ఆమెది. వకాస్ ఎగిరితే నడుము పట్టుకుని నిలబెట్టేది ఆమే. కళ్లు ఎర్రగా ఉన్నాయి గానీ నోరు మాత్రం తగ్గలేదు. నేపాలీలో అన్నా అంటూ మొదలుపెట్టింది.

"లింబూ దాయ్, వాడు తియ్యలేదు. వాడికి దాచడం చేతకాదు. పుట్టినరోజు కానుక కొన్నా సాయంత్రానికల్లా తనే చెప్పేస్తాడు."

"బీరువాలో ఇంకేముండేది?"

"వాడి నమాజు తివాచీ. మడిచి అడుగున పెడతాడు. దాని మీదే సింహం తల. ఇంకో చోటు లేదు మాకు."

"తివాచీ ఏదీ?"

అస్మిత బీరువాలోకి తొంగి చూసింది. సింహం పోయిన గోలలో దాని సంగతి ఎవరికీ పట్టలేదు. ఆ-కూన్ గది అంతా వెతికి, చివరికి కిటికీ తెరిచి ఒక కేక వేశాడు. బయట బట్టలారేసే కర్ర మీద తివాచీ వేలాడుతోంది. చుక్కలు చుక్కలుగా నీళ్లు కారుతున్నాయి.

లింబూ దాన్ని ముక్కు దగ్గరికి తీసుకున్నాడు. నిమ్మకాయ వాసన. గిన్నెలు తోముకునే సబ్బు. తివాచీకి పెట్టిన క్లిప్పు ఒకటి తీసి వేళ్ల మధ్య తిప్పాడు. బొటనవేలికి బంగారు రంగు పొడి అంటింది. క్లిప్పు జేబులో వేసుకున్నాడు.

ఇది ఎవరు ఉతికారని అడిగితే అందరూ మేం కాదన్నారు. ఆ-కూన్ అందరి ముఖాలూ చూసి, లింబూ ముఖం చూసి, తనకు అర్థమైనట్టు తల ఊపాడు. అతనికేమీ అర్థం కాలేదు.

వకాస్ చివరి బెంచీ మీద మోకాళ్ల మధ్య చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. పొడుగాటి పిల్లవాడు. లింబూ పక్కన కూర్చున్నాడు.

"రాత్రి తాళం వేసిందెవరు?"

"నేనే. తాళంచెవి ఫ్రేనీ ఆంటీ ఇంటికెళ్లి ఇచ్చా."

"సింహాన్ని తీశావా?"

"లేదు."

"ఆడనన్నావట."

"కోపంలో అన్నానండీ. పొద్దున్న ఆడదామనే వచ్చా. మా తమ్ముడి గుడ్డ బూట్లు అడుక్కుని తెచ్చుకున్నా. వేళ్లు ముడుచుకుంటే పడతాయి."

"బూట్ల గొడవ జరిగినప్పుడు గదిలో ఎవరెవరున్నారు?"

"ఆటగాళ్లం అందరం. ఆంటీ, గిద్వానీ అంకుల్. ఫుంగ్ సిఫూ కూడా ఉన్నాడు. తల లోపల నుదుటి పట్టీ వదులైందని చెబితే బిగించడానికి వచ్చాడు."

లింబూ లేచాడు. ఆ-కూన్ చెవిలో ఏదో చెప్పి కిందికి పంపాడు.

గిద్వానీ గారు గది మధ్యలో అటూ ఇటూ తిరుగుతున్నారు. బొద్దుగా ఉంటారు, చెమట ఎక్కువ. ఆ కుర్రాడి మీద తనకు పగేమీ లేదని లింబూతో అన్నారు. వీళ్లకు సింహం ఇస్తే ఇంతేనని వీధిలో అనుకుంటారు, ఆ మాట పడేది మిగతా పిల్లలంతా అన్నారు. అంటూనే గడియారం చూసుకున్నారు. పన్నెండు కావస్తోంది.

కింద ఆ-కూన్ షట్టరును రెండు చేతులతో బాదుతున్న చప్పుడు పైకి వినిపించింది. తర్వాత మెట్ల మీద దగ్గు. ఫుంగ్ సిఫూ లోపలికి వచ్చాడు. సన్నటి మనిషి, చొక్కా చేతుల నిండా జిగురు మరకలు. సింహం ఎలా ఉంటుందో చెప్పడానికి పిలిచారట గదా అన్నాడు. లింబూ ఆయనకు కుర్చీ చూపించాడు. తను నిలబడే ఉన్నాడు.

"గిద్వానీ గారూ, కూర్చోండి. ఎక్కువసేపు పట్టదు."

అందరూ కూర్చున్నారు. లింబూ జేబులో చేతులు పెట్టుకున్నాడు.

"దొంగ రెండు పనులు చేశాడు. సింహం తలను తీసుకుపోయాడు. తివాచీని ఉతికి ఆరేశాడు. మీరంతా మొదటి పని గురించే ఆలోచిస్తున్నారు. నాకు రెండోదే ముఖ్యం. వకాస్ మీద కోపం ఉన్నవాడు వకాస్ తివాచీ ఉతకడు."

"వాడే ఉతుక్కుని ఉండొచ్చు," అన్నారు గిద్వానీ.

"ఎందుకు? మైలపడిందని తెలిస్తే ఉతుక్కుంటాడు. తెలిస్తే ఊరుకునేవాడు కాదు కూడా. బూట్ల సంగతి మీ ముఖం మీదే చెప్పాడు. దీన్ని మాత్రం దొంగతనంగా ఎందుకు దాచుకుంటాడు? ఆ తివాచీకి ఏదో అంటిందని వకాస్‌కి తెలియదు. ఇంకొకరికి తెలుసు. దానికి తగిలిన వస్తువు సింహం తల ఒక్కటే. ఆ తల లోపల ఏముందో తెలిసిన మనిషి ఎవరు?"

అస్మిత మెల్లగా ఫుంగ్ సిఫూ వైపు తిరిగింది.

"మరి లోపలికెలా వచ్చాడు?" అని అడిగారు గిద్వానీ.

"ఆ-కూన్ వేలు అడగండి. నీళ్లవాడు మీరెవరూ రాకముందే క్యాను లోపల పెట్టి వెళతాడు. అతనికి తలుపు తీసేదెవరు?"

ఫ్రేనీ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఫుంగ్ సిఫూ. ఆయన దగ్గర ఒక తాళంచెవి ఎప్పటినుంచో ఉంది. ఆ సంగతే నాకు గుర్తు రాలేదు. ఆయన్ని బయటివాడిగా ఎప్పుడనుకున్నాం కనక," అంది.

లింబూ క్లిప్పు తీసి బల్ల మీద పెట్టాడు. "బంగారు పొడి. ఈ భవనంలో ఇది ఉండేది ఒక్క కొట్టులోనే. పండగ పూట షట్టరు దించి, రేడియో గట్టిగా పెట్టుకుని, లోపల ఏం కుడుతున్నారు సిఫూ? మీరే చెబితే బాగుంటుంది."

ముసలాయన తన చేతులు చూసుకున్నాడు. తర్వాత వకాస్ వైపు కాకుండా కిటికీ వైపు చూస్తూ చెప్పాడు.

"నుదుటి పట్టీ పందితోలుతో చేశాను. మెత్తగా ఉంటుంది, చెమట పట్టినా ఒరుసుకోదు. పిల్లవాడికి నొప్పి పుట్టకూడదని ఏరి ఏరి మంచి ముక్క వేశాను. వీడు పంది తినడని నాకు తెలుసు. తగలకూడదని తెలీదు. నిన్న బూట్లు తిరిగిచ్చినప్పుడు తెలిసింది. అప్పుడు నా చేతిలో ఆ పట్టీయే ఉంది."

"అప్పుడే చెప్పొచ్చు గదా సిఫూ," అంది ఫ్రేనీ.

"ఎలా చెప్పను? ఇన్నాళ్లూ అది వీడి నుదుటి మీదే ఉంది. చెబితే ఆ తలను ఇంక ముట్టుకోడనుకున్నా. ఎవరికీ తెలియకుండా గుడ్డ పట్టీ కుట్టి, ఆటవేళకి తెచ్చి పెట్టేద్దామనుకున్నా. తల లోపలంతా కడిగాను. తివాచీ కూడా దాని కిందే ఉంది గదా అని ఉతికాను. పోలీసుల సంగతి నాకెవరు చెప్పారు? ఇదిగో, ఈ లావుపాటి అబ్బాయి వచ్చి షట్టరు విరగ్గొట్టబోయేదాకా నాకేమీ తెలీదు."

"విరగ్గొట్టలేదు, తట్టాను," అన్నాడు ఆ-కూన్.

గది అంతా వకాస్ వైపు చూసింది. వాడు నుదురు తడుముకున్నాడు. లేచి స్నానాలగదిలోకి వెళ్లాడు. నీళ్లు పడుతున్న చప్పుడు వినిపించింది. ముసలాయన తల ఇంకా కిందికి వాలింది.

వకాస్ తిరిగి వచ్చాడు. ముఖం, మెడ, జుట్టు అన్నీ తడి. ఫుంగ్ సిఫూ కుర్చీ ముందు నేల మీద కూర్చున్నాడు.

"తెలియక తగిలింది సిఫూ. కడుక్కున్నా. అయిపోయింది. మా అమ్మ కూడా ఆ తివాచీని అంత బాగా ఉతకలేదు. కొత్త పట్టీ కుట్టడం అయిందా?"

"ఒక వైపు మిగిలింది."

"పదండి మరి. నేను సూదికి దారం ఎక్కిస్తా. మీకు కళ్లు ఆనవు గదా."

ముసలాయన లేచాడు. నవ్వబోయి దగ్గాడు. ఇద్దరూ కిందికి వెళ్లారు. అస్మిత వాళ్ల వెనకే పరుగెత్తింది. ఫ్రేనీ కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, లింబూ చెయ్యి పట్టుకుని వదల్లేదు.

గిద్వానీ గారు మాత్రం గది మధ్యలో నిలబడిపోయారు. కాసేపటికి తనే మెట్లు దిగి కొట్టు గుమ్మంలో నిలబడ్డారు. ఆ-కూన్, లింబూ వెనక నిలబడ్డారు.

వకాస్ సింహం తలను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ముసలాయన చివరి కుట్టు వేస్తున్నాడు.

"బాబూ," అన్నారు గిద్వానీ. "నేను తొందరపడ్డాను. తప్పు నాది. నువ్వు శిక్షణలో చేరే రోజున నీకు పూచీగా సంతకం చెయ్యడానికి మనిషి కావాలంటే నేనొస్తా."

వకాస్ తల ఊపాడు.

"అంబులెన్సు ఎక్కాక మమ్మల్ని మర్చిపోకు," అన్నారాయన, ఏమనాలో తోచక. "ఏ రోజైనా నా గుండెకి ఏదైనా అయితే నువ్వే రావాలి."

వకాస్ ఆయనను కింది నుంచి పైదాకా ఒకసారి చూశాడు.

"తప్పకుండా వస్తాను అంకుల్. కానీ మీది లిఫ్టు లేని ఇల్లు, ఆరో అంతస్తు. మోసేది నేనే గదా. ఈ లోపల మీరు కాస్త తగ్గండి."

ముందు ముసలాయన నవ్వాడు. తర్వాత గిద్వానీ గారు నవ్వారు, పొట్ట పట్టుకుని. బయట డోలు మొదలైంది. వకాస్ సింహం తలను పైకెత్తి తొడుక్కున్నాడు.