మోదుగ రెమ్మల మనిషి

కాస్త దగ్గరకు జరగండి నాయనా. శివయ్యను ఒక్కసారి తలచుకుని మరీ వినండి. పంతొమ్మిది వందల డెబ్బై ఒకటిలో, పుప్పాలగూడ గుట్టల వెనక, పొద్దువాలే వేళ జరిగిన సంగతి.

వెంకటరామయ్య పంతులుగారికి అప్పటికే అరవై ఎనిమిది. కూకట్‌పల్లి నుంచి ఎడ్లబండిలో వచ్చేసరికే ఆయన నడుం పడిపోయింది. వచ్చిన పని అంతకన్నా బరువైనది. రుక్కమ్మ పెనిమిటి రామన్న బొంబాయి మిల్లులో పనికని వెళ్లి పన్నెండేళ్లు. కబురు లేదు. అలాంటివాడు పోయినట్టే లెక్కగట్టి, మోదుగ రెమ్మలతో బొమ్మ కట్టి, అందులోకి అతన్ని ఆవాహన చేసి, దహనం చేస్తారు.

తలకు కొబ్బరికాయ. ఒంటికి మూడు వందల అరవై రెమ్మలు. పైన బియ్యప్పిండి పూత. పచ్చి ఆకు వాసన, తడి పిండి వాసన.

"మా అన్న గింత బక్కగుండెనా అయ్యగారూ? బొంబాయిల తిండి పెట్టలేనట్టుంది" అన్నాడు మరిది బాలనర్సయ్య. ఎవరూ నవ్వలేదు.

ఆడవాళ్లు రాకూడదన్నా వినకుండా వచ్చిన రుక్కమ్మ బండకు చేరగిలబడింది. "పన్నెండేండ్లు తలుపుకు గడియ పెట్టలే, ఎప్పుడొస్తడో అని. ఇగ నాతోని కాదు. జర జల్ది కానియ్యుండ్రి. ఇయ్యాలన్న గడియేసి పండుకుంట."

పంతులుగారు మంత్రం ముగించి, బొమ్మ చేతికి దర్భ కట్టబోయారు.

చిన్న రెమ్మలు ఆయన చూపుడువేలిని పట్టుకున్నాయి.

గట్టిగా కాదు... మెత్తగా.

ఎండకు వంకర తిరిగాయనుకుని వేలు లాక్కున్నారు. మళ్లీ పట్టుకున్నాయి. పిండిపూత కింద ఛాతీ లేచింది... దిగింది.

"రామన్నా" అని గుసగుసగా పిలిచారు. పలకలేదు. ఆ పేరు ఎన్నడూ వినని దానిలా ఉంది.

రుక్కమ్మ వంగి చూసింది. "అయ్యగారూ... అది ఊపిరి తీస్తున్నదా?"

ఊపిరి ఉంటే మనిషే. మనిషైతే నిప్పు పెట్టకూడదు. పెట్టకపోతే ఈమెకు మళ్లీ ఎదురుచూపే. ఎవరితో చెప్పుకుంటారు? కట్టింది ఆయన. పిలిచిందీ ఆయనే. ఈశ్వరుడు మాత్రం ఏమీ పలకలేదు. ఎంత అలసట వచ్చిందంటే, అబద్ధం ఒక్కటే తేలిగ్గా నోటికొచ్చింది.

"ఆకులేనమ్మా. గాలికి కదిలాయి."

గుట్టల్లో గాలి లేదు.

బాలనర్సయ్య నిప్పు పెట్టాడు. మంటలోంచి సన్నటి కూత... పచ్చి రెమ్మల్లో తడి అనుకున్నారంతా. అలా అనుకుంటేనే కాళ్లు ఇంటిదారి పడతాయి.

మూడోనాటి పొద్దున ముగ్గురూ తిరిగొచ్చారు. ఆకుల బూడిదలో ఏరడానికి ఏముంటుంది? అయినా పద్ధతి కదా. నీళ్లు చల్లి, పంతులుగారు చెయ్యి పెట్టారు.

ఎముకలు తగిలాయి.

రామన్న ఆరడుగుల మనిషి. ఇవన్నీ కలిపి ఆయన దోసిట్లో సరిపోయాయి. పుర్రె మీద మాడు ఇంకా పూడలేదు.

బాలనర్సయ్య వెనక్కి తగ్గాడు. "పసిగుడ్డును కాల్వరు గదా అయ్యగారూ... బొంద పెడ్తరు గదా..."

పంతులుగారు ఎముకలను దోసిట్లోనే పట్టుకుని తల వంచుకున్నారు.

"ఎవల బిడ్డ?" అంది రుక్కమ్మ మెల్లగా, చేతులు చాపుతూ.

ఆయన తలెత్తి చూశారు. ఒక్క కాన్పూ ఎరగని రుక్కమ్మ రవిక, పాలతో తడిసిపోతోంది.